హామిల్టన్ పొరుగు సమాధి

'హామిల్టన్' మ్యూజికల్ చూసినవాళ్ళకి యార్క్‌టౌన్ పాట గుర్తుండే ఉంటుంది. హామిల్టన్, లఫాయెట్ ఎదురుపడి, తామిద్దరూ బయటి నుంచి వచ్చినవాళ్ళమని గర్వపడే చోట థియేటర్ చప్పట్లతో మోగిపోతుంది. 2020లో అది డిస్నీ ప్లస్‌లోకి వచ్చినప్పుడు న్యూజెర్సీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం కూర్చుని చూశాం. అందరం హెచ్-1బి బ్యాచ్. ఆ చోట విజిల్ వెయ్యనివాడు లేడు.

మిరాండా రాసిన పాటల మీద నాకు ఫిర్యాదేం లేదు, ఇప్పటికీ కోడ్ రాస్తూ వింటుంటాను. కానీ ఆ కథలో ఒక మనిషి లేడు. అతన్ని పక్కన పెడితే తప్ప హామిల్టన్‌ని వలసజీవుల హీరోని చెయ్యడం కుదరదు. ఆ మనిషి పేరు ఆల్బర్ట్ గాలటిన్.

గాలటిన్‌ది జెనీవా. 1761లో పుట్టాడు, 1780లో పడవెక్కి అమెరికా వచ్చేశాడు. హార్వర్డ్‌లో కొన్నాళ్ళు ఫ్రెంచి చెప్పాడు, తర్వాత పెన్సిల్వేనియా పడమటి కొండల్లో భూమి కొన్నాడు. ఇంగ్లీషు బాగా రాసేవాడు గానీ మాట్లాడితే ఫ్రెంచి యాస కొట్టొచ్చినట్టు తెలిసేది. ఆ యాస జీవితాంతం పోలేదు, ఎగతాళి చేసేవాళ్ళూ పోలేదు.

1793 డిసెంబరులో సెనేట్‌కి వచ్చాడు. వచ్చీరాగానే చేసిన పని, ఖజానా లెక్కలు వివరంగా చూపించమని అడగడం. అప్పుడు ఖజానా మంత్రి ఎవరనుకున్నారు, హామిల్టనే. ఇలాంటి ప్రశ్నలతో మా ఆఫీసు పనంతా ఆగిపోతోందని విసుక్కుంటూ సెనేట్‌కి ఉత్తరం రాశాడు. (కొత్తగా చేరినవాడు పాత సిస్టమ్‌కి డాక్యుమెంటేషన్ ఏదని అడిగితే సీనియర్ ఎలా మండిపడతాడో నేను చూశాను.) ఈలోగా ఇంకో సంగతి బయటికొచ్చింది. సెనేటర్ కావాలంటే తొమ్మిదేళ్ళు పౌరుడై ఉండాలి. గాలటిన్ వచ్చి పదమూడేళ్ళయింది గానీ, పౌరుడిగా ప్రమాణం చేసింది 1785లో. లెక్క ఎక్కడ మొదలెట్టాలి? 1794 ఫిబ్రవరి 28న 14-12 ఓట్లతో అతని ఎన్నిక చెల్లదన్నారు. దాదాపు పార్టీల వారీగా పడ్డ ఓట్లు.

గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళకి ఈ వాదన కొత్తగా అనిపించదు. గడియారం ఏ రోజున మొదలైంది అన్నదే ప్రశ్న. వచ్చిన రోజా, కాగితం వేసిన రోజా?

అతను 1795లో దిగువ సభకి గెలిచి తిరిగొచ్చాడు. మాడిసన్ సభ వదిలి వెళ్ళాక జెఫర్సన్ పక్షానికి అక్కడ నాయకుడయ్యాడు. ఆ రోజుల్లో అమెరికా రాజకీయం మొత్తం ఒక్క విదేశాంగ ప్రశ్న మీద చీలిపోయింది. యుద్ధంలో ఉన్న ఫ్రాన్స్, బ్రిటన్‌లలో ఎవరివైపు మొగ్గాలి? ఫెడరలిస్టులది బ్రిటన్ వైపు, జెఫర్సన్ పక్షానిది ఫ్రాన్స్ వైపు. 1797లో పారిస్ వెళ్ళిన అమెరికా దూతలని టాలీరాండ్ మనుషులు లంచం అడిగారు. ఆ కాగితాలు బయటపెట్టాలని పట్టుబట్టింది గాలటిన్ పక్షమే, ప్రెసిడెంట్ ఆడమ్స్ ఏదో దాస్తున్నాడన్న అనుమానంతో. ఆయన పెట్టేశాడు. 1798 ఏప్రిల్‌లో దేశమంతా ఫ్రాన్స్ మీద భగ్గుమంది. సముద్రం మీద ప్రకటించని యుద్ధం మొదలైంది.

ఆ వేడిలోనే నాలుగు చట్టాలు వచ్చాయి. మొదటిది, పౌరసత్వానికి ఉండాల్సిన అయిదేళ్ళని పద్నాలుగు చేసింది. రెండోది, ప్రమాదకరమని తోచిన ఏ విదేశీయుణ్ణయినా విచారణ లేకుండా పంపించేసే అధికారం ప్రెసిడెంట్‌కిచ్చింది. ఇంకోటి, ప్రభుత్వాన్ని తిడుతూ రాస్తే జైలు. ఐర్లండులో పుట్టిన వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్ నాలుగు నెలలు లోపల ఉండి, అక్కణ్ణుంచే మళ్ళీ గెలిచాడు. మిగిలింది శత్రుదేశస్థుల చట్టం. అది ఇప్పటికీ బతికే ఉంది, 2025 మార్చిలో వెనెజువెలా వాళ్ళ మీద వాడారు. బయట పుట్టినవాళ్ళు అసలు కాంగ్రెస్‌లోనే కూర్చోకుండా రాజ్యాంగాన్ని సవరించాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఎవరిని దృష్టిలో పెట్టుకున్నారో సభలో అందరికీ తెలుసు.

మరి హామిల్టన్? అతను పుట్టింది కరీబియన్ దీవి నెవిస్‌లో. 1798 జూన్‌లో విదేశాంగమంత్రి పికరింగ్‌కి రాస్తూ, క్రూరంగా వద్దు గానీ విదేశీయుల్లో ఎక్కువమందిని పంపెయ్యాల్సిందే అన్నాడు. 1801 చివర్లో జెఫర్సన్ ఆ పద్నాలుగేళ్ళని తగ్గించమని కాంగ్రెస్‌ని అడిగితే, హామిల్టన్ మారుపేరుతో పత్రికలో వ్యాసాలు రాసి ఎదిరించాడు. గాలటిన్‌నీ వదల్లేదు. పైగా, వలసదారుల గురించి జెఫర్సన్ తన వర్జీనియా పుస్తకంలో ఒకప్పుడు పడ్డ భయాలనే తవ్వి తీసి అతని ముందు పెట్టాడు. ఆ దెబ్బ మాత్రం న్యాయంగానే తగిలిందని నాకనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆపేసింది వేరే సంగతి. ఇదే హామిల్టన్ 1791లో పరిశ్రమల మీద ఇచ్చిన నివేదికలో, యూరప్ నుంచి పనివాళ్ళని రప్పించుకోవాలని రాశాడు. రెండిట్లోనూ మాట మార్చలేదతను. చేతులు కావాలి, ఓటు మాత్రం ఇప్పుడే వద్దు. నా వీసా కాగితం మీద ఇంకో భాషలో ఉన్నదీ ఇదే అని చదువుతుంటే అర్థమైంది. అలాగని గాలటిన్‌ని నా మనిషి అని హత్తుకోవడానికీ లేదు. 1790 చట్టం ప్రకారం పౌరసత్వం స్వేచ్ఛగా ఉన్న తెల్లవాళ్ళకే. ఆ మాట పట్టుకునే 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్‌ని కాదంది. మనవాళ్ళకి ఆ తలుపు తెరుచుకుంది 1946లో.

అయిదేళ్ళ గడువు 1802లో తిరిగొచ్చింది, ఇప్పటికీ అదే. గాలటిన్ పన్నెండేళ్ళకు పైగా ఖజానా మంత్రిగా ఉన్నాడు. లూసియానా కొన్నాక కూడా దేశం అప్పుని 1801లో ఉన్న సుమారు 83 మిలియన్ డాలర్ల నుంచి 1812 నాటికి 45కి దించాడు. 1809లో మాడిసన్ అతన్ని విదేశాంగమంత్రిని చేద్దామనుకుంటే సొంత పార్టీ సెనేటర్లే పడనివ్వలేదు. 1849లో పోయాక ట్రినిటీ చర్చి ఆవరణలో పెట్టారు. హామిల్టన్ సమాధి ఉన్నదీ అక్కడే. నేను వెళ్ళిన శనివారం హామిల్టన్ దగ్గర పూలూ చిల్లర నాణేలూ ఉన్నాయి, సెల్ఫీల కోసం ఆగాల్సొచ్చింది. గాలటిన్ దగ్గర నేనొక్కణ్ణే.

అతను చేసినవాటిలో నాకు బాగా ఇష్టమైంది గెంట్ సంధి. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధాన్ని ఆపడానికి 1814లో అయిదుగురు అమెరికన్లు ఆ ఊళ్ళో నెలల తరబడి కూర్చున్నారు. వాళ్ళలో ఒకడు జాన్ క్విన్సీ ఆడమ్స్, ఆ నాలుగు చట్టాల మీద సంతకం పెట్టిన ఆడమ్స్ కొడుకే. ఇంకొకడు బేయర్డ్, 1798 సభలో అవతలి బెంచీ ఫెడరలిస్టు. క్విన్సీ ఆడమ్స్ చీకటితో నిద్రలేచే వేళకి హెన్రీ క్లే గదిలో పేకాట ముగిసేది. మిసిసిపీలో పడవలు తిప్పే హక్కు వదలకూడదని ఒకడు, న్యూఫౌండ్‌లాండ్ చేపలు వదలకూడదని ఒకడు. ఇద్దరి మధ్యా ఆ ఫ్రెంచి యాసతో జోకులేసి, చిత్తుప్రతులు తిరగరాసి నెట్టుకొచ్చింది గాలటిన్. డిసెంబరు 24న సంతకాలు పెట్టారు. అమెరికా వైపు అయిదు పేర్లలో అతనిది ఆఖరిది. ఖజానా మంత్రిగా ఉంటూ ఈ పనెలా చేస్తాడని సెనేట్ ఒకసారి తిప్పికొట్టింది. అందుకని అతన్ని మిగతా నలుగురి తర్వాత, ఆలస్యంగా చేర్చారు.