నిన్న నడిచింది

మా అమ్మీ పేరు ఒక జాబితాలోంచి పోయింది. పింఛను జాబితా. ఏళ్ళ తరబడి నెలనెలా వస్తున్న డబ్బు ఒక నెల రాలేదు. నేను విజయనగరంలో పేపర్లో పనిచేస్తున్నాను కదా, ఎవరికైనా చెప్పి ఇప్పించగలననుకుంది. సెలవు పెట్టి శ్రీకాకుళం వెళ్ళి, ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయాను.

గుమాస్తా కంప్యూటర్లో వెతికి "లేదండి" అన్నాడు. "మొన్న జాబితా అంతా శుభ్రం చేశాం. ఒకే మనిషి పేరు రెండుసార్లుంటే తీసేశాం. జాబితాలో తప్పు లేదు. మీ పేర్లే ఒక పద్ధతిగా ఉండవు."

ఒక కాగితంలో ఆమె పేరు చివర 'బీ'. ఇంకో కాగితంలో 'బేగం'. ఒకచోట 'షేక్' ముందుంది, ఒకచోట అసలే లేదు. మా ఇంట్లో ఇంటిపేరు రాసుకునే అలవాటు లేదు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి రాసేవాడికి తోచింది రాశాడు.

"నాను ఎదురుగ్గా ఉన్నాను కద బాబూ. మరి లేననడమేటి?" అంది అమ్మీ. ఆమెకు ఇంట్లో ఉర్దూ, వీధిలో సిక్కోలు తెలుగు.

నాకు సిగ్గేసింది. ఆమె యాసకు కాదు. అప్పటికే నేను సంచీలోంచి రుజువులు తీస్తున్నందుకు. ఇరవై ఏళ్ళుగా జర్నలిస్టుని. అయినా ఎవరైనా 'మీరు లేరు' అనగానే నా చెయ్యి సంచీలోకే పోతుంది. మా ఇళ్ళలో ఈ అలవాటు చాలామందికుంది.

ఆ రాత్రి మా భాంజాతో చెప్పాను. అక్క కొడుకు, విశాఖపట్నంలో కంప్యూటర్ల పని. బి.ఏ. చదివిన నాకు అర్థమయ్యేలా ఒక సంగతి చెప్పాడు.

లినక్స్ అని ఒక ఆపరేటింగ్ సిస్టమ్. దాని గుండెకాయని కెర్నెల్ అంటారు. 2019 సెప్టెంబరులో దాని 5.3 వెర్షన్ విడుదలకు సిద్ధమవుతోంది. అందులో ఒక మంచి మార్పు చేశారు. డిస్కు నుంచి విడివిడిగా చదివే చిన్నచిన్న ముక్కల్ని కలిపి చదివించారు. డిస్కుకు పని తగ్గింది. కానీ అహ్మద్ ఎస్. దర్వీష్ అనే ఆయన లాప్‌టాప్‌లో లాగిన్ తెర రాకుండా ఆగిపోయింది.

ఆయన ఏం చేశాడంటే, నడిచిన వెర్షన్‌కీ ఆగిన వెర్షన్‌కీ మధ్య జరిగిన మార్పుల్ని సగానికి విడగొట్టి నడిపి చూశాడు. ఆగితే తప్పు ఈ సగంలో ఉంది, నడిస్తే ఆ సగంలో ఉంది. మళ్ళీ సగం. మళ్ళీ సగం. ఇలా వెతికితే వెయ్యి మార్పులున్నా పదిసార్లలో తేలిపోతుంది. దీన్ని 'బైసెక్ట్' అంటారు. చివరికి ఆ డిస్కు మార్పు దగ్గర తేలింది.

డిస్కుకీ లాగిన్ తెరకీ ఏం సంబంధం? రహస్య తాళాలు తయారుచెయ్యడానికి కంప్యూటర్‌కి ఎవరూ ఊహించలేని అంకెలు కావాలి. డిస్కు ఏ క్షణాన జవాబిచ్చింది, కీబోర్డు ఏ క్షణాన నొక్కారు లాంటి తేడాల్లోంచి కెర్నెల్ వాటికి సరుకు పోగుచేసుకుంటుంది. డిస్కు జవాబులు తగ్గేసరికి ఆ పోగు నిండలేదు. అంకె అడిగిన ప్రోగ్రాం అక్కడే కాచుక్కూర్చుంది. అనవసరమని తగ్గించిన చప్పుడు మీదే ఒక మెషిన్ బతుకు ఆధారపడి ఉందని మార్చినవాళ్ళకు తెలీదు.

"అయితే ఆయన్ని వేరే లాప్‌టాప్ కొనుక్కోమన్నారా?" అన్నాను.

"లేదు మామూ. అంత తొందరగా అంకె అడగడం ఆ ప్రోగ్రాందే తప్పన్నవాళ్ళున్నారు. పెద్ద వాదన జరిగింది. అయినా లినస్ టోర్వాల్డ్స్ ఆ మార్పునే వెనక్కి తీసుకున్నాడు. మార్పు చెడ్డది కాదని ఆయనే రాశాడు. కానీ నిన్న నడిచింది ఇవాళ ఆగిపోతే జవాబు చెప్పుకోవలసింది మార్చినవాళ్ళు. ఆగిపోయినవాడు కాదు. అక్కడ అదే మొదటి నియమం."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జవాబు మార్చినవాళ్ళది! నలభై ఏళ్ళు దాటిన నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ అహ్మద్ ఎవరో నాకు తెలీదు. అక్కడ అందరూ చూసింది ఆయన పేరుని కాదు, ఆయన పంపిన రిపోర్టుని.

గోల్కొండ కాలం నుంచీ సర్కారు నడిచిన ఊరు మాది, చికాకోల్. దరఖాస్తు, హాజరు, జిల్లా, గుమాస్తా, చివరికి జాబితా అన్న మాట కూడా ఉర్దూ మీదుగా వచ్చినవే. ఇవి తీసేస్తే ఆ ఆఫీసులో ఒక్క కాగితం కదలదు. మాటలకు చోటుంది. ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే ముసలామెకే లేకపోయింది.

మర్నాడు సంచీ లేకుండా వెళ్ళాను. బ్యాంకు పాసుబుక్కు ఒక్కటే పట్టుకెళ్ళాను. "ఫలానా నెల దాకా వచ్చింది. ఆ తర్వాత మీరు ఏం మార్చారు?" అని అడిగాను. ఇంకేమీ చూపించలేదు. గుమాస్తా కాసేపు నన్ను చూశాడు. తర్వాత తనే వెతికాడు. 'బీ'నీ 'బేగం'నీ ఒకే మనిషి అనుకున్నారు. అది నిజమే. ఒకటి ఉంచి ఒకటి తియ్యబోయి రెండూ తీసేశారు.

"చేసేద్దాం లెండి" అన్నాడు నా వంక చూడకుండా. రెండు నెలలు పట్టింది గానీ, చేశాడు.

భాంజా చెప్పిన సంగతికి ఇంకో కొస ఉంది. అదే ఏడాది నవంబరులో 5.4 వెర్షన్ వచ్చింది. అందులో ఆ డిస్కు మార్పుని మళ్ళీ చేర్చారు. కానీ దానికంటే ముందు, డిస్కు చప్పుడు లేకపోయినా ఆ పోగు నింపుకునే ఏర్పాటు కెర్నెల్‌లో చేశారు.

నేను అడుగుతున్నదీ అంతే. జాబితాలు శుభ్రం చెయ్యొద్దని కాదు. ముందు మా అమ్మీకి చోటు చూడండి. తర్వాత చీపురు పట్టుకోండి.