రావిచెట్టు మీద గులాబీ గోరింకలు

మార్చి నెలాఖరు. మా తోటపల్లి గూడూరు వైపు వరికోతలు అయిపోవచ్చాయి. పెరటి గోడవతల రావిచెట్టు మీద పొద్దున్నుంచీ ఒకటే గోల. గులాబీ గోరింకలు! తలా రెక్కలూ నలుపు, వీపూ పొట్టా గులాబీ. సంక్రాంతప్పుడు మాసిన బట్టలా ఉన్న ఆ రంగు ఇప్పుడు నిగనిగలాడుతోంది. కొత్త ఈకలేం రాలేదు, పాత ఈకల అంచులు అరిగి లోపలి రంగు బయటపడింది, అంతే.

పండిన కాయ ఒక్కటీ మిగలనివ్వడం లేదు. పొడవడం, మింగడం, పక్క కొమ్మకి దూకడం. ఈ తిండే ఒంట్లో కొవ్వుగా చేరి దారిబత్తెం అవుతుంది. ఏప్రిల్లో బయల్దేరి మధ్య ఆసియా గడ్డి మైదానాలకు పోతాయి, కజకిస్తాన్ దాకా. అక్కడ మిడతల మీద బతుకుతాయి. చైనాలోని షిన్‌జియాంగ్‌లో మిడతల బెడద తగ్గాలని వీటికోసం రాళ్లతో గూళ్లు కట్టిపెడతారు. ఆ మాట చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో!

ఇలా ఒంట్లో దారిబత్తెం కూడగట్టుకునేవి గోరింకలొక్కటే కాదు. టెక్సాస్‌లో ఉండే మా అక్క సెప్టెంబరులో హమ్మింగ్‌బర్డ్ వీడియో పంపింది. మూడు గ్రాముల పిట్ట, తిని తిని దాదాపు రెట్టింపు బరువు పెరిగి, మెక్సికో సింధుశాఖ మీదుగా 800 కిలోమీటర్లు ఆగకుండా ఎగరగలదు. మన పెరటి తేనెపిట్ట చూపుకి దాని చుట్టంలా ఉంటుంది గానీ, అంత దూరాలు పోదు.

గోరింకలు వానాకాలంలో మళ్లీ మన దేశానికి వస్తాయి. ఈలోగా మీ ఊళ్లో రావినో మర్రినో కొట్టేద్దామని ఎవరైనా అంటే, దయచేసి అడ్డుపడండి.