ఏ దశాబ్దానికి మీ ఓటు?

కార్తీకం వచ్చిందంటే మా శేరిలింగంపల్లి వైపు ఆదివారాలకు తీరికుండదు. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో ఉసిరి చెట్టు నీడ కోసం అపార్ట్‌మెంట్ బృందాలు పొద్దున్నే బయల్దేరుతున్నాయి. ఐటీ ఆఫీసుల్లో మాల వేసుకున్న కుర్రాళ్లు నల్ల బట్టలతో, చెప్పుల్లేకుండా లిఫ్టు ఎక్కుతున్నారు. చందానగర్ రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు చివరికొచ్చాయి. కావాలంటే ఈ వారమే కొనుక్కోండి.

మా వనభోజనాల్లో ఈసారి పులిహోర, దద్దోజనం అయ్యాక అంత్యాక్షరి జరగలేదు. ఈ చుట్టుపక్కల బతకడానికి ఏ దశాబ్దం బాగుండేదన్న వాదన మొదలై పొద్దు వాలేదాకా సాగింది.

బీహెచ్ఈఎల్‌లో రిటైరైన పెద్దాయన ఓటు 1970లకి. డ్యూటీ దిగి సైకిలెక్కితే వెలుగుండగానే ఇంటికి చేరేవారట. జీతం చిన్నదే, కానీ రేపటి మీద బెంగ లేదన్నారు. పాత లింగంపల్లి ఊళ్లోనే పుట్టి పెరిగిన పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఏం మంచిగుండె అన్నా? బిందె నెత్తిన పెట్టుకొని బాయి కాడికి నడిచిన ఆడోళ్లను అడుగు, చెప్తరు" అంది. నాకు ఆ మాట గట్టిగా తగిలింది. వెనకటి రోజులు బాగున్నాయని చెప్పేవాళ్లలో నీళ్లు మోసినవాళ్లు తక్కువే.

సెంట్రల్ యూనివర్సిటీలో చదివినావిడ 1990లంటుంది. 1974లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయం చుట్టూ అప్పట్లో బండరాళ్లు, పొదలు, నిశ్శబ్దమేనట. 1992లో శిల్పారామం వచ్చింది. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కణ్ణుంచి భూమి విలువే మారిపోయింది. సమయం వచ్చేదాకా అమ్మకుండా ఆగినవాళ్లకది బంగారు దశాబ్దం, ముందే అమ్మేసుకున్నవాళ్లకు ఇప్పటికీ మానని పుండు.

నా ఓటు మాత్రం 2000లకి. కారణం ఎంఎంటీఎస్. 2003 ఆగస్టులో ఆ రైలు మొదలైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీరూ, కూరగాయల మూటతో వచ్చిన అమ్మా, మేస్త్రీ పనికి వెళ్లే కూలీ ఒకే పెట్టెలో, ఒకే ధర టిక్కెట్టుతో లింగంపల్లిలో ఎక్కేవారు. హఫీజ్‌పేట దాటి హైటెక్ సిటీ స్టేషన్ రాగానే సగం పెట్టె ఖాళీ అయ్యేది, మిగతావాళ్లు కాళ్లు చాపుకుని బేగంపేట దాకా వెళ్లేవారు. తర్వాత వచ్చిన మెట్రో చల్లగా, శుభ్రంగా ఉంటుంది, నిజమే. కానీ టిక్కెట్టు దగ్గరే కూలీ ఆగిపోతాడు.

ఆ దశాబ్దానికి మచ్చల్లేవనను. దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి బండల్ని మందు పెట్టి పేల్చింది అప్పుడే. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడ్డాక వేలాది ఇళ్లలో రాత్రుళ్లు నిద్ర లేదు. ఈఎంఐలు కట్టడానికి నగలు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. అయినా మామూలు మనిషికి ఈ ప్రాంతంలో చోటుందని అప్పుడనిపించింది.

ఆ చోటు ఎంత ఇరుకైపోయిందో 2020లో చూశాం. లాక్‌డౌన్ మొదలయ్యాక దేశంలో వలస కూలీల కోసం నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు మన లింగంపల్లి నుంచే మే 1 తెల్లవారుజామున కదిలింది. సుమారు 1,200 మంది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లిపోయారు. వాళ్లంతా భవనాలు కట్టడానికి వచ్చినవాళ్లు. ఏ దశాబ్దం బాగుందని వాళ్లనెవరూ అడగలేదు, మా వాదనలోనూ వాళ్ల తరఫున మాట్లాడేవారు లేకపోయారు.

ఆ వెలితి వచ్చే ఆదివారం తీరుద్దామనుకుంటున్నాం. మా పక్క సైట్‌లో సెంట్రింగ్ పనిచేసే కుటుంబాలను భోజనానికి పిలిచాం. మీ వీధిలోనూ కట్టడం సాగుతుంటే మీరూ పిలవండి.