పెదబయలు సంతలో పులిజూదం

మాఘమాసపు పొద్దున, మంచు ఇంకా విడవకముందే పెదబయలు సంతకు జనం దిగుతున్నారు. చుట్టుపక్కల గూడేల నుంచి పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు తలల మీదా కావిళ్ల మీదా వస్తున్నాయి. మైదానం నుంచి వ్యాన్లలో ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, గిన్నెలు ఎక్కి వస్తున్నాయి. నేను వచ్చింది మాత్రం ఒక ఆట ఎలా అమ్ముడవుతుందో చూద్దామని.

విశాఖలో నా మిత్రుడొకరు పులిజూదం సెట్లు తయారుచేస్తున్నారు. గుడ్డ మీద అచ్చువేసిన పటం, అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగు పట్టించిన పావులు. పులులు 3, మేకలు 15. ఈ పనికి ఏటికొప్పాక పెట్టింది పేరు. ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. సరుకైతే ముచ్చటగా తయారైంది. అమ్మే చోటే దొరకలేదు.

బోర్డు గేములు చేసే చిన్నవాళ్లందరిదీ ఇదే కష్టం. దుకాణంలో రూ.500 పలికే ఆటను పంపిణీదారు సుమారు రూ.200కు తీసుకుని, దుకాణానికి రూ.250కి అటూ ఇటూగా ఇస్తాడు. తయారీదారు తన చెక్కకూ, అచ్చుకూ, రవాణాకూ, కూలికీ ఆ 200లోనే చూసుకోవాలి. అందుకే ఆటకు అయ్యే ఖర్చు అమ్మకపు ధరలో అయిదోవంతు దాటకూడదని ఈ వ్యాపారంలో ఒక లెక్క. వేలల్లో అచ్చువేసేవాడికి అది కుదురుతుంది. చేతిపనికి కుదరదు.

సంతలో ఫ్యాన్సీ సామాను పరిచిన ఒకాయన దగ్గర కూర్చున్నాను. దువ్వెనలు, రబ్బరు బ్యాండ్లు, గాజుల మధ్య అట్టముక్క లూడోలు, వైకుంఠపాళీలు ఉన్నాయి. రోజుకో సంత చొప్పున వారమంతా తిరుగుతాడట. మా సెట్టు చేతికిస్తే పావులు నిమిరి చూశాడు.

"బాగుందండీ. కానీ దువ్వెనైతే నేనేటీ సెప్పక్కర్లేదు, ఆల్లే తీసుకుంతారు. దీనికి కూకుని ఆట సూపించాల. అంత కాళీ నాకేదండీ?"

ఈ మాటలో ఉన్నంత స్పష్టత పంపిణీ గురించి నేను చదివినవాటిలో ఎక్కడా కనబడలేదు. జర్మనీలోని ఎస్సెన్‌లో 1983 నుంచి ఏటా జరిగే ఆటల మేళాలో పెద్ద కంపెనీలు సైతం బల్లలు వేసి, పక్కన నిలబడి ఆడిస్తాయి. మైసూరులోని రామ్‌సన్స్ కళాప్రతిష్ఠానం పాత ఆటలను చేతిపనివాళ్లతో కొత్తగా చేయించి ప్రదర్శనలు పెడుతుంది. ఆడించే మనిషి లేకుండా ఆట అల్మారాలోంచి కదలదు.

కాస్త అవతల, అరుగు మీద బొగ్గుతో గీసిన పటం చుట్టూ నలుగురైదుగురు చేరారు. గులకరాళ్లు పులులు, చింతపిక్కలు మేకలు. ఆడుతున్న ముసలాయన మేకలను ఒక్కొక్కటే పెడుతూ, ఒకటి పోయినా చలించక, పులులకు దారులు మూసేశాడు. చూస్తున్న కుర్రాడు "ఒరే, కట్టేశాడ్రా!" అని ఎగిరాడు. నేను గుడ్డ పటం పక్కన పరిచాను. మళ్లీ ఆట మొదలైంది, ఈసారి లక్క పావులతో. కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకొస్తారు? బొగ్గుముక్కతో అయ్యే పనికి డబ్బు పెట్టడం వాళ్లకు అనవసరం. ఈ సెట్టు కొనాల్సింది అరకు చూడడానికి వచ్చి, ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలనుకునే కుటుంబాలు. ఆట నేర్పాల్సింది మాత్రం ఈ అరుగు మీది మనుషులే.

చేతిపనివాళ్లు ఒక విషయం గమనించాలి. 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు తయారుచేసి అమ్మేవాటికి మినహాయింపు ఉంది. పెద్ద దుకాణం గడప తొక్కే ముందే ఆ నమోదు పూర్తిచేసుకోవడం మేలు.

ఇక ఆడించే చోటు మాటకొస్తే, ఈ కొండల కాఫీ 2017లో పారిస్ దుకాణం దాకా వెళ్లింది. రుచి చూపించే చోటు ఉండబట్టే వెళ్లింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఇక్కడి అటవీ ఉత్పత్తులు కొంటుంది. తేనె, కాఫీ తన పేరుతోనే అమ్ముతుంది. కాఫీ తాగడానికి కూర్చున్నవాడికి పది నిమిషాల తీరిక ఎలాగూ ఉంటుంది. సంస్థ అధికారులకు నా మనవి ఒక్కటే: అరకులో, పాడేరులో మీ కాఫీ బల్లల మీద పులిజూదం పటం గీయించండి. ఆట నేర్పడానికి పెదబయలు యువకులను కూలి ఇచ్చి పెట్టుకోండి. సెట్లను తేనె సీసాల పక్కనే ఉంచండి.