జేడ్ మీద పేరెవరిది?

సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళిన మనవాళ్ళు గంట కొట్టే గడియారం చూస్తారు, ముసుగు రెబెక్కాని చూస్తారు, ఇంక కాళ్ళు నొప్పులని బయటపడతారు. జేడ్ వస్తువుల దగ్గర ఆగేవాళ్ళు తక్కువే. నన్నడిగితే అసలు చూడాల్సింది అదే.

జేడ్ అంటే నవరత్నాల్లో పచ్చ కాదండోయ్, అది వేరే రాయి. లోపల సన్నటి పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉంటాయి. అందుకే సుత్తితో కొట్టినా ఓ పట్టాన పగలదు. మా నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తి మీదుగా ఏర్పేడు వైపు వెళ్తే మాధవమాల వస్తుంది. అక్కడ కొయ్యబొమ్మలు చెక్కుతుంటే ఉలి కింద పేళ్ళు లేస్తాయి. జేడ్‌తో ఆ పప్పులుడకవు. దానికన్నా గట్టి ఇసుక, నీళ్ళు పోసి, దారంతోనో వెదురు గొట్టంతోనో రుద్దుతూ పోవాలి. పనిచేసేది ఇసుకే. సానరాయి మీద గంధం తీసినట్టన్నమాట, కాకపోతే నెలల తరబడి. కాబట్టి "జేడ్ చెక్కడం" అనే మాటే నాకు నచ్చదు. అరగదీయడం అనాలి.

ఇలా అరగదీసే చైనాలో లియాంగ్‌జు వాళ్ళు సుమారు 5000 ఏళ్ళ కిందట, లోహపు పనిముట్లు లేకుండానే, పెద్ద పెద్ద కళ్ళున్న ముఖాలు తీర్చారు. వెంట్రుకంత సన్నటి గీతలు! తర్వాత హాన్ కాలం నాటి గుండ్రటి బిళ్ళల మీద ధాన్యపు గింజల్లా వరసగా బొడిపెలుంటాయి. అవి అతికించినవి కావు. చుట్టూ ఉన్న రాయంతా అరగదీస్తే మిగిలినవి. ఒక్క గింజ పాడైతే బిళ్ళంతా పోయినట్టే. అన్‌డూ లేదు మరి.

ఇంత చేసినవాడి పేరేమిటి? తెలీదు. సాలార్‌జంగ్‌లో ఉన్నది జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసే కత్తి, షాజహాన్ విలుకాడి ఉంగరం. అన్నీ వాడినవాళ్ళ పేర్లే. 18వ శతాబ్దంలో చైనా చక్రవర్తి ఛియెన్‌లుంగ్ మన హిందుస్తానీ జేడ్ పని చూసి మురిసిపోయి, కొన్నిటి మీద తన పద్యాలు చెక్కించాడు. మళ్ళీ పేరు రాజుగారిదే! మా ఆఫీసులో నాలుగు లైన్ల కోడ్ మార్చినా పక్కన పేరూ, తేదీ పడతాయి. ఆ లెక్కన ప్రతి వస్తువు కింద చీటీలో "చేసినవారు: పేరు తెలియదు" అని ఒక్క లైను పెట్టినా చాలు. చూసేవాడికి కనీసం అలాంటి మనిషొకడు ఉన్నాడని తడుతుంది.

పేరు పెట్టుకున్నవాడు ఒకడున్నాడు లెండి. 16వ శతాబ్దంలో, మింగ్ రాజుల కాలంలో, సుచౌ ఊరి లు జిగాంగ్ తను చేసిన వాటి మీద తన పేరు వేసేవాడట. తర్వాత ఎవరెవరో చేసినవాటి మీద కూడా అదే పేరు వేసి అమ్మేశారు. ఇప్పుడు ఆయన పేరున్న వాటిల్లో నిజంగా ఆయన చేసినవేవో తేల్చడం పండితులకే తలనొప్పి.