తాత గానుగ ఇంజన్

చిత్తూరు దగ్గర మా ఊళ్లో తాత చెరకు గానుగ ఆడించిన ఇంజన్ ఇది. లిస్టర్ సీఎస్. ఇంగ్లండులో డర్స్‌లీ అనే ఊళ్లో తయారైంది. ఒకటే సిలిండరు, 6 హార్స్‌పవర్, నిమిషానికి 650 చుట్లు. రెండు పక్కలా రెండు బరువైన పోత ఇనుము చక్రాలు. గానుగ మూతపడ్డాక షెడ్డులో తడుస్తూ పడి ఉంది. పాత ఇనుము కింద అమ్మేద్దామని పెదనాన్న అంటే నేను ఒప్పుకోలేదు. సంక్రాంతి వెళ్లాక బెంగళూరులో నేనుండే వర్తూరుకు తెచ్చి, చెరువు వైపు ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని దింపించాను.

నేను కంప్యూటర్ల పనివాణ్ణి. స్పానరు పట్టడం కూడా సరిగా రాదు. మా జిల్లా నుంచే వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయనను బతిమాలి పిలుచుకొచ్చాను. బావుల మీద ఆయిల్ ఇంజన్లు ఆడిన కాలంలో ఊరూరా తిరిగి వాటిని బాగుచేసిన మనిషి. మొదటి రోజే చెప్పాడు: "నాయనా, దీన్ని ఆపేది ముందు నేర్చుకో. తిప్పేది ఆనక."

విప్పడానికే చాలా రోజులు పట్టింది. పిస్టను తుప్పుతో లైనరుకు పట్టేసింది. డీజిల్ పోసి నానబెట్టి, చెక్క దిమ్మె పెట్టి కొట్టి కొట్టి దింపాం. బోల్టులన్నీ పాత ఇంగ్లీషు విట్‌వర్త్ మరలు. ఇప్పటి మిల్లీమీటరు నట్లు వాటికి ఎక్కవు.

రాజ్‌కోట్‌లో ఈ నమూనా ఇంజన్లు దశాబ్దాలపాటు తయారయ్యాయి. అందుకే పిస్టను, రింగులు, గ్యాస్కెట్ దొరికాయి. కానీ ఒక్కో కార్ఖానాది ఒక్కో కొలత. బోరు నాలుగున్నర అంగుళాలే, పిస్టను పిన్ను మాత్రం కూర్చోదు. జేసీ రోడ్డు దగ్గర ఒక లేత్ షాపు కుర్రాడు రాత్రి పొద్దుపోయేదాకా ఉండి దాన్ని సరిచేసి ఇచ్చాడు. ఆ పని వేరెవరూ ముట్టుకోలేదు.

మిగిలింది డీజిల్ పంపు ఎలిమెంటు. అంటే ప్లంజరూ, దాని బారెలూ. మాది పూర్తిగా తుప్పు తినేసింది. మైకో కంపెనీ 1950ల నుంచి డీజిల్ పంపులు చేసిన ఊరు బెంగళూరు, ఇక్కడ దీనికి లోటేమిటి అనుకున్నాను. ఒక దుకాణంలో డబ్బా లేని పాత సరుకు ఇచ్చారు. అదే పొడవు, అదే లావు. పంపులో చక్కగా కూర్చుంది.

ఉగాది వారంలో స్టార్ట్ చేశాం. పెద్దాయన హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడు విని నాకు కళ్లనీళ్లు వచ్చాయి. తర్వాత వేగం పెరిగింది. పెరుగుతూనే ఉంది. నల్లటి పొగ కమ్మేసింది. పునాది అదురుతోంది. చక్రాల ఆకులు కనిపించడం మానేశాయి. ఇంజన్‌ను ఆపే డీకంప్రెషన్ లివరు ఎత్తడం నా పని. ముందే చెప్పి, చూపించి ఉన్నాడు. నేను ఎత్తలేదు. షెడ్డు బయటికి పరిగెత్తాను. ఆయన్ని లోపలే వదిలేసి.

ఆయన పక్కన సిద్ధంగా పెట్టుకున్న తడి గోనెపట్టాను గాలి పీల్చే మూతికి అదిమి, దాని మీద పలక పెట్టి నొక్కాడు. ఇంజన్ దగ్గి ఆగింది. బయటికి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. ఆయన వయసు డెబ్బై దాటింది. పోత ఇనుము చక్రం వేగం రెండింతలైతే దాన్ని చీల్చే బలం నాలుగింతలవుతుంది. ఆ లెక్క నాకు కాలేజీలో చెప్పారు. ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది కాళ్లే.

కారణం తర్వాత తెలిసింది. ప్లంజరు మీద ఏటవాలుగా ఒక గాడి ఉంటుంది. అది కుడి వాటం ఉంటుంది, ఎడమ వాటం ఉంటుంది. మాకిచ్చింది ఎదురు వాటం. వేగం పెరిగినప్పుడల్లా గవర్నరు డీజిల్ తగ్గించాలని ర్యాక్ అనే పంపు కడ్డీని జరిపితే, పంపు ఇంకా ఎక్కువ పోసింది.

ఆ తర్వాత చాలా రోజులు ఆ షెడ్డు వైపు వెళ్లలేదు. రోడ్డు మీద జనరేటరు మోగినా గుండె దడదడలాడేది. ఇంజన్ అమ్మేస్తానని పెద్దాయనతో అన్నాను. "అమ్ముకో. కానీ సరైంది దొరికాక తిప్పి చూసి అమ్ము" అన్నాడు.

సరైంది ఆయనే వెతికాడు. చిత్తూరు వైపు మూతపడిన ఒక రైసుమిల్లు స్టోరులో, గ్రీజు కాగితంలో చుట్టి ఉంది. మిల్లు యజమాని భార్య దాన్ని మా చేతిలో పెట్టి, డబ్బు తీసుకోలేదు. ఆమె భర్త పోయాక ఆ బీరువా తెరవడం అదే మొదటిసారని చెప్పింది.

ఈసారి ముందు పరీక్ష చేశాం. మీ ఇంట్లో ఇలాంటి ఇంజన్ ఉంటే ఇదొక్కటి తప్పకుండా చేయండి. పంపు నుంచి నాజిల్‌కు వెళ్లే గొట్టం విప్పండి. ర్యాక్‌ను ఆపే వైపు పూర్తిగా తోసి, పంపును చేత్తో ఆడించండి. చుక్క కూడా రాకూడదు. వస్తే ఆ ఎలిమెంటు, ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా, తీసేయండి.

శ్రావణంలో ఇంజన్ తిరిగింది. 650 దగ్గర నిలబడింది. లివరు నా చేతిలోనే ఉంది, చెయ్యి వణుకుతూనే ఉంది. అమ్మలేదు. చక్రాలకు ఎదురుగా మాత్రం ఇప్పటికీ నిలబడను. గవర్నరు స్ప్రింగు పాతదే, కాస్త సాగింది. దాని కోసం వెతుకుతున్నాం.