పసుపు అంటిన పలక

మా చిన్నాన్న కొడుకు తెనాలిలో ఫోటో స్టూడియో నడుపుతాడు. ముహూర్తాల రోజుల్లో ఒక మనిషి తక్కువైతే నాకు ఫోన్ చేస్తాడు. నాకు చేతనయ్యే పని పెద్దగా ఏమీ లేదు. లైటు స్టాండు పట్టుకుంటాను, బ్యాటరీలు ఛార్జింగుకి పెడతాను, మా వాళ్ళ కోసం భోజనాల దగ్గర నాలుగు కుర్చీలు ఆపి ఉంచుతాను. ఈ మూడో పనే అన్నిటికన్నా కష్టం. కొన్నేళ్ళుగా వీటికి ఇంకోటి తోడయింది. వాడి ట్యాబు మొయ్యడం. "అన్నయ్యా, లెన్సు పడేసినా ఊరుకుంటాను గానీ అది మాత్రం జాగ్రత్త" అంటాడు. ఫోటో తియ్యడానికి పనికిరాని వస్తువు మీద ఫోటోగ్రాఫరుకి అంత ప్రేమేమిటని మొదట్లో అనుకునేవాణ్ణి.

పనికిరాదని ఊరికే అనడం లేదు. మా ఇళ్ళలో ట్యాబుకీ ఫోటోగ్రాఫరుకీ తొలిపరిచయం శత్రుత్వంతోనే జరిగింది. ఆపిల్ వాళ్ళ మొదటి ఐప్యాడ్ 2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చినప్పుడు దానికసలు కెమెరాయే లేదు. మరుసటి ఏడు వచ్చిన ఐప్యాడ్ 2కి పెట్టారు. అది తీసే ఫోటో ఒక మెగాపిక్సెల్‌కి కూడా తూగదు. మా పెళ్ళిళ్ళు పాడుచెయ్యడానికి ఆ మాత్రం చాలింది. అమెరికా నుంచి దిగిన బావగారొకాయన సరిగ్గా తలంబ్రాల వేళ ముందుకొచ్చి, హారతి పళ్ళెం ఎత్తినట్టు రెండు చేతులతో దాన్ని ఎత్తిపట్టాడు. వెనకాల కెమెరాతో స్టూలెక్కి ఉన్న చిన్నాన్న "బాబుగారూ, ఒక్కసారి దించండి" అని వేడుకుంటూనే ఉన్నాడు. ఆ రోజు చిన్నాన్న తీసిన తలంబ్రాల ఫోటో ఇప్పటికీ ఉంది. మధ్యలో వెలుగుతున్న పలక, పలకలో బొటనవేలంత పెళ్ళికూతురు. అసలు పెళ్ళికూతురు కనిపించదు.

నన్నడిగితే కెమెరా లేని ఆ మొదటి ట్యాబే ఫోటోగ్రాఫర్లకు చుట్టం. దానికి విడిగా రెండు తెల్లటి ముక్కలు అమ్మేవారు. ఒకదాంట్లో కెమెరా కార్డు దూర్చవచ్చు, రెండోదానికి కెమెరా వైరు తగిలించవచ్చు. కార్డు పెడితే తీసిన ఫోటోలన్నీ 9.7 అంగుళాల గాజు మీదకు దిగేవి. కెమెరా వెనకాల ఉండే తెర మూడంగుళాలు. మూడంగుళాల్లో అందరూ అందగాళ్ళే, అన్ని ఫోటోలూ బాగున్నవే. ఫోకసు కంటి మీద పడిందో, కంటిని దాటి చెవి జూకా మీద పడిందో పెద్దది చేసి చూస్తే గానీ తేలదు. ఇంటికెళ్ళి కంప్యూటర్లో వేసుకున్నాక తేలితే ఏం లాభం? జీలకర్ర బెల్లం మళ్ళీ పెట్టించలేం కదా.

ఫోటోగ్రాఫరు గాజు పలక మీద బొమ్మ చూసుకోవడం మాత్రం కొత్త కాదు. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో పనంతా గాజు మీదే. కెమెరా వెనక గరుకు గాజు ఉండేది. దాని మీద పడే బొమ్మ చీకట్లో తప్ప కనపడదు కనుక ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కప్పుకుని లోపల తల దూర్చేవాడు. అక్కడ నవాబులైనా, అంబారీ ఏనుగులైనా తలకిందులుగానే దర్శనమిచ్చేవారు. చూసుకున్నాక గరుకు గాజు తీసి, మందు పూసిన గాజు ప్లేటు పెట్టడం. ఆ ప్లేట్లలో ఫుల్ ప్లేటు అనే కొలత ఆరున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు. ఈ ట్యాబుల సైజు తెలిసినవాళ్ళకి ఆ అంకెలు వింటే చెయ్యి ఊరుకోదు, స్కేలు తీస్తుంది. నేనూ తీశాను. కాస్త అటూ ఇటూగా అదే.

తేడా అల్లా ఆ నల్లగుడ్డలో ఒక్క తలకే చోటుండటం. ఎదురుగా నిలబడ్డవాడు ఎంత గొప్పవాడైనా ప్రింటు వచ్చేదాకా తన మొహం ఎలా పడిందో తెలియదు. ఆ తర్వాత పెద్ద పెద్ద స్టూడియోలవాళ్ళు అసలు ఫిల్ము మీద తీసేముందు, అక్కడికక్కడే బొమ్మ వచ్చే పోలరాయిడ్ ఒకటి తీసి, లైటింగు సరిపోయిందో లేదో చూసుకునేవారు, పక్కనున్నవాళ్ళకీ చూపించేవారు. ఆ ఫిల్ము తయారీ ఆపేస్తున్నామని పోలరాయిడ్ వాళ్ళు 2008లో ప్రకటించారు. రెండేళ్ళు తిరిగేసరికి ట్యాబు వచ్చింది. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా, ఖాళీ అయిన పీట మీదే వచ్చి కూర్చుంది.

మా చిన్నాన్నకు పోలరాయిడ్ సంగతి తెలియదు. ఆయనకు తెలిసింది టచింగ్ డెస్కు. స్టూడియో వెనకగదిలో కిటికీ పక్కన ఉండేది. వాలుగా పెట్టిన చెక్క చట్రం, మధ్యలో గాజు, కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి, గాజులోంచి పైకొచ్చి, దాని మీద పెట్టిన నెగెటివును వెలిగిస్తుంది. కరెంటు పోయినా ఆగని పని అది. నెగెటివు మీద పెన్సిలు జారిపోకుండా ముందు ఒక చుక్క మందు రుద్దేవాడు. పెన్సిలును గరుకు కాగితం మీద అరగదీసి సూదిమొన చేసేవాడు. ఆ పైన మొహమంతా గీతలు కూడా కాదు, చుక్కలు. చిన్నప్పుడు నాకిది అయోమయంగా ఉండేది. మచ్చ పోవాలంటే మచ్చ మీద నల్లటి పెన్సిలు గియ్యడమేమిటి? "నెగెటివులో నలుపు తెలుపవుతుందిరా. మచ్చ ఉన్నచోట ఫిల్ము పల్చగా ఉంటుంది, నేను పూడుస్తున్నా" అనేవాడు. స్ఫోటకం మచ్చలు, కళ్ళ కింద గుంటలు, పెళ్ళిచూపులకు పంపే ఫోటోల్లో అమ్మాయిల మొటిమలు, ఎన్నిటినో అలా పూడ్చాడు. తప్పు గీత పడితే రబ్బరుతో చెరపడానికి అది కాగితం కాదు. మందు తుడిచి మళ్ళీ మొదటినుంచీ చెయ్యాల్సిందే. అందుకే ఆయన టచింగుకి కూర్చుంటే పిన్ని కూడా కాఫీ గ్లాసు గడప దగ్గరే పెట్టి వెళ్ళేది.

కంప్యూటర్లు వచ్చాక ఆయన చెయ్యి పోయింది. నిజంగా పోలేదు, పనిలేకుండా పోయింది. కొడుకు మౌసు చేతికిచ్చి "ఇప్పుడు దీంతోనే నాన్నా" అన్నాడు. సబ్బుబిళ్ళ పట్టుకుని ముగ్గు వెయ్యమన్నట్టుంది ఆయనకి. తర్వాత కొన్నాళ్ళకు మావాడు పెన్నుతో గీసే నల్లపలక ఒకటి తెచ్చాడు. అదీ పెద్దాయనకి పడలేదు. చెయ్యి బల్ల మీద, చూపు ఎదురుగా ఉన్న తెర మీద. "గీసేది ఒకచోట, పడేది ఇంకోచోట. మొహం ఇక్కడుంటే బొట్టు పక్కింట్లో పెట్టినట్టుంది" అని లేచిపోయాడు.

2015 చివర్లో ఐప్యాడ్ ప్రో, దాంతోపాటు నొక్కుడుకు తగ్గట్టు గీత మందం మారే పెన్సిలు వచ్చాయి. మావాడు తనకోసం కొనుక్కున్నది అంతకు చాలా ఏళ్ళ తర్వాత. ఒక సాయంత్రం చిన్నాన్న మనవరాలి ఫోటో చూస్తూ, అలవాటు కొద్దీ ఆ పెన్సిలు తీసుకుని, బుగ్గ మీద దోమకాటు దగ్గర మొన ఆనించాడు. మచ్చ పోయింది. ఆయన వెంటనే ఇంకో చుక్క పెట్టలేదు. తల వెనక్కి జరిపి చూశాడు, పక్కకి వంచి చూశాడు. టచింగ్ డెస్కు దగ్గర చేసినట్టే. గాజు కింద వెలుతురు, గాజు మీద మొహం, మొహం మీద పెన్సిలు. ముప్పై ఏళ్ళు ఆయన చేసిన ఉద్యోగం మళ్ళీ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఆ పాప మొహం మీద ఉన్న పుట్టుమచ్చ కూడా తీసెయ్యబోతే కోడలు పరుగెత్తుకొచ్చి ఆపింది.

ఇందులో వాడే సరంజామా గురించి ఎక్కువ చెప్పను. ఫోటోలు సరిచేసుకునే లైట్‌రూమ్ 2014లోనే ఐప్యాడ్‌కి వచ్చింది. హార్డ్ డిస్కును నేరుగా తగిలించి ఫైళ్ళు చూసుకునే వీలు 2019లో, లైట్‌రూమ్ లాంటిదే క్యాప్చర్ వన్ 2022లో. ఆండ్రాయిడ్ ట్యాబులతో పని జరుపుకునేవాళ్ళూ చాలామందే ఉన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఏరివేత. ఒక్క పెళ్ళికి మూడు నాలుగు వేల ఫోటోలు వస్తాయి. కెమెరా రా ఫైలు రాసేటప్పుడే లోపల ఒక చిన్న జేపెగ్ కూడా దాచిపెడుతుంది. ట్యాబు ముందు దాన్ని చూపిస్తుంది కనుక చకచకా తిప్పుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో కారు వెనకసీట్లో కూర్చుని మావాడు చెత్తను చెత్తగా, మంచిని మంచిగా గుర్తులు పెట్టేస్తాడు. వేలితో ఒకటి, రెండు, అయిదు చుక్కలు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టే. అంతమాత్రాన కార్డు చెరిపెయ్యడు. రెండు డిస్కుల్లోకి కాపీ అయ్యేదాకా ట్యాబును నమ్మడు. అది చూసుకునే అద్దమే గానీ దాచుకునే బీరువా కాదు.

నమ్మకూడనిది ఇంకోటుంది, దాని వెలుతురు. ఒకసారి మావాడు షామియానా కింద కూర్చుని, ఎండకి తెర కనపడక వెలుగు పూర్తిగా పెంచేసి, ఆల్బం ఫోటోలన్నీ అక్కడే సరిచేశాడు. ట్యాబులో పెళ్ళిపందిరి ధగధగలాడింది. ప్రింటై వచ్చిన ఆల్బంలో అమావాస్య పెళ్ళిలా ఉంది. ల్యాబువాళ్ళతో ఫోన్లో పెద్ద గొడవ. తీరా చూస్తే తప్పు మనదే. తెర తనంతట తానే వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురునే తిరిగిస్తుంది. తెర మరీ ప్రకాశంగా ఉంటే మనం తెలియకుండా ఫోటోను తగ్గించుకుంటూ పోతాం. ఇప్పుడు వాడు వెలుగు సగానికి దించి, దానంతటది మారకుండా కట్టేస్తాడు. రాత్రిళ్ళు కళ్ళకు హాయిగా ఉండాలని తెరను పసుపు చేసే ఏర్పాట్లన్నీ ఆపేస్తాడు. లేకపోతే పట్టుచీర రంగు మీద తంటా. కళ్ళను నమ్మకుండా హిస్టోగ్రామ్ కొండలను చూస్తాడు. అన్నిటికీ మించి ఆ చీకటి ఆల్బం షీటు ఒకటి సంచిలోనే పెట్టుకు తిరుగుతాడు, పక్కన పెట్టి పోల్చుకోవడానికి.

ఎండ సంగతి వేరే చెప్పాలా? మా ట్యాబుతో వచ్చిన కాగితంలో సున్నా నుంచి 35 డిగ్రీల దాకా వాడుకోవచ్చని ఉంది. రాసినవాళ్ళు రెంటచింతల ఎండల మాట విని ఉండరు. మొన్నటి వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నర ముహూర్తానికి అది వేడెక్కి, చల్లబడేదాకా నన్ను ముట్టుకోవద్దని తెర మీద రాసి కూర్చుంది. వంటవాళ్ళు మజ్జిగకని తెచ్చిన ఐసుగడ్డ పక్కన పెట్టబోయాను. "లోపల చెమ్మ పడుతుంది అన్నయ్యా!" అని మావాడు మండపం మీదనుంచే అరిచాడు. పురోహితుడు ఉలిక్కిపడ్డాడు. చివరికి అరటాకుల కట్ట నీడన పడుకోబెట్టి విసనకర్రతో విసిరాను. పెళ్ళికొడుక్కి కూడా ఆ మర్యాద జరగలేదు.

అదే పెళ్ళివారింట్లో పదహారు రోజుల పండగకి వెళ్ళి, ఆల్బం సెలక్షన్ చేయించాల్సి వచ్చింది. ఇదివరకు పెన్‌డ్రైవ్ ఇచ్చేవాళ్ళం. అది బీరువాలో నెలల తరబడి పడుకునేది. ఇప్పుడు ట్యాబు తీసుకెళ్ళి మధ్యలో పెట్టేస్తే ఇల్లంతా చుట్టూ చేరుతుంది, ఒక్క పూటలో తేలిపోతుంది. పెళ్ళికూతురి నాయనమ్మ ముందుకు జరిగి "మా మనవడికి బళ్ళో ఇచ్చారే, ఆ పలకేగా ఇది" అంది. ఆ పిల్లవాడు ఎనిమిదో తరగతిలో ఉండగా ప్రభుత్వం ట్యాబులు పంచింది. రెండువేళ్ళతో బొమ్మ పెంచడం ఆవిడకు వాడే నేర్పాడట.

మావాడు ఫోటోలు చూసే తీరు వేరు, ఆవిడ చూసే తీరు వేరు. వాడు వెలుతురు చూస్తాడు. ఆవిడ మనుషుల్ని లెక్కపెడుతుంది. మధ్యలో ఉన్న పెళ్ళికూతుర్ని ఒక క్షణం చూసి, మూలల్లోకి వెళ్ళిపోయి అక్కడ వేళ్ళు చాపుతుంది. వెనక వరసలో కూర్చున్నది ఎవరు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు రాలేదు. మావాడు చెత్తను దాచెయ్యడం మర్చిపోయాడేమో, ఒక్క చుక్క ఫోటోలు కూడా వస్తున్నాయి. వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయింది. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుంది, ఎవరిదో మోచెయ్యి అడ్డొచ్చింది. ఆవిడ ఎడమమూలను పెంచింది. ఇంకా పెంచింది.

"ఇదిగో! మా మరిది!"

ఇల్లంతా వంగింది. సంగతేమిటంటే, పెళ్ళిలో తనకు బట్టలు పెట్టలేదని ఆ మరిదిగారు అలిగి, ఈ పండగకు కూడా రాలేదు. పెట్టామని వీళ్ళు, పెట్టలేదని ఆయన. పదహారు రోజులుగా ఇదే రామాయణం. మూలలో, కొంచెం మసకగా, పెళ్ళికూతురి తండ్రి పళ్ళెం అందిస్తున్నాడు. పళ్ళెంలో అంచు పంచె. పుచ్చుకుంటున్నది సాక్షాత్తూ మరిదిగారే. నవ్వుతున్నాడు కూడా.

"ఇది ఆల్బంలో వెయ్యి నాయనా."

"మామ్మగారూ, ఇందులో అమ్మాయి కళ్ళు మూసుకుందండీ."

"దాని కళ్ళు పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. నువ్వు వెయ్యి."

ఆ మూల మాత్రమే కత్తిరించి చిన్నదిగా పెడతానన్నాడు మావాడు. పెన్సిలుతో చట్రం గీసి చూపించాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి, పంచె అంచు, మూడూ కనపడాలంది. చట్రాన్ని తనే వేలితో ఒక పక్కకి లాగింది. అంతకుముందు గుమ్మం దగ్గర పనులు చూసుకుంటూ, గడపకి పసుపు రాసి వచ్చిన చెయ్యి. మరిదిగారి మొహం మీద పచ్చటి వేలిముద్ర పడింది.

ఆ రాత్రి స్టూడియోలో ట్యాబు తుడవబోతూ మావాడు వెలుతురుకి వంచి చూశాడు. గాజంతా పసుపు, కుంకుమ, ఎవరిదో లడ్డూ నెయ్యి. అన్నిటికన్నా దట్టంగా ఉన్నది ఎడమవైపు మూలన. గుడ్డ పక్కన పెట్టి, ముందు ఆ ఫోటోకి నాలుగు చుక్కలు పెంచాడు.